చెయ్యి ఒక్కటి మిగిలిపోయింది

చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఉన్నట్టుండి మీ మాట తడబడి, ఒక పక్క చెయ్యి బరువెక్కి, పది నిమిషాల్లో అదంతా సర్దుకుందనుకోండి. సర్దుకుందని సంతోషించకండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. ఎండ అనీ, నిద్ర చాలలేదనీ, గ్యాసు అనీ మీకు మీరే కారణాలు చెప్పుకోకండి. కారణాలు కల్పించడంలో నాకంటే నేర్పరులు మీలో ఉండరు. ముప్పై అయిదేళ్ళు నా పనే అది.

ఈ ఒక్క పేరా రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎడమచేత్తో రాస్తున్నాను. కొన్ని మాటలు పిలవగానే వస్తాయి. కొన్ని కిటికీ అవతల నిలబడి మొహం చూపించి వెళ్ళిపోతాయి. అలా వెళ్ళిపోయినవాటిని నా భార్య పద్మ పట్టి తెచ్చింది. ఒకప్పుడు వాకాడులో మా ఇంటి వరండాలో ఉదయం టీ తాగి కూర్చుంటే, గూడూరు బస్సు వచ్చేలోపల వ్యాసం పూర్తయ్యేది. తాయెత్తులు కట్టేవాళ్ళనూ పాము మంత్రాలు వేసేవాళ్ళనూ ముహూర్తాలు అమ్ముకునేవాళ్ళనూ అందులో ఎండగట్టి, అదే బస్సు డ్రైవరు చేతిలో కవరు పెట్టి పత్రికకు పంపేవాణ్ణి. నన్ను పిలవని చర్చావేదిక మా వైపు తక్కువ. పిలిచినందుకు తర్వాత బాధపడని నిర్వాహకులు ఇంకా తక్కువ.

నాకున్న వ్యసనం ఒక్కటే. ఆదివారం అనుబంధంలో వచ్చే పదకేళి. గళ్ళు నింపే ఆటే గాని, అర్థం ఇచ్చి మాట అడిగే మామూలు రకం కాదు. ఇందులో ఇచ్చే ఆధారం పైకి ఒకటి చెబుతుంది, లోపల ఇంకొకటి దాస్తుంది. ఒకసారి ఇలా వచ్చింది: ‘స్వప్నానికి దేవుడిచ్చేది తోడైతే ఆందోళన, నాలుగు అక్షరాలు.’ స్వప్నం అంటే కల. దేవుడిచ్చేది వరం. రెండూ పక్కపక్కన పెడితే కలవరం. అంటే ఆందోళన. ఆ జవాబు తట్టిన ఉదయం నేను సూళ్లూరుపేటకు ఫోను చేసి, చూశారా మాస్టారూ, మీ మతం మొత్తం ఈ నాలుగు అక్షరాల్లో ఉంది అన్నాను. అవతలి మనిషి తొణకలేదు. “వరం తీసేస్తే నీకు మిగిలేది వట్టి కలే గదన్నా,” అన్నాడు.

ఆ మనిషి దేవసహాయం మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. అక్కడి చర్చిలో పెద్ద. ఇరవై రెండేళ్ళ కిందట నాయుడుపేటలో దేవుడు ఉన్నాడా లేడా అనే చర్చలో నాకు ఎదురు నిలబడ్డాడు. రెండు గంటలు ఒకరినొకరం చీల్చుకున్నాం. తర్వాత బస్టాండులో చూస్తే ఇద్దరి చేతుల్లోనూ ఒకే పేపరు, ఒకే పేజీ, ఒకే గడి దగ్గర ఆగిన పెన్ను. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి ఫోను. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. నన్ను అన్నా అంటాడు, నేను మాస్టారూ అంటాను.

మా ఆటకు ఒక కట్టుబాటు ఉండేది. జవాబు చెబితే చాలదు, ఎందుకో చెప్పాలి. ఆధారంలో ఉన్న ప్రతి మాటకూ లెక్క కుదరాలి. ఒక్క మాట మిగిలిపోయినా జవాబు చెల్లదు, అది నిజంగా సరైనదే అయినా సరే. అప్పుడప్పుడు మేమే ఆధారాలు అల్లుకునేవాళ్ళం. ఫోను తీయగానే పలకరింపు కూడా లేకుండా ఆధారం చెప్పడం, అక్షరాల సంఖ్య చెప్పడం, పెట్టేయడం. అవతలివాడికి మధ్యాహ్నం దాకా గడువు.

ఆయనకు ఈ ఆటలో మొదటి పాఠం నేనే చెప్పాను. పైకి కనిపించే అర్థాన్ని నమ్మొద్దు. నీళ్ళు అని ఉంటే దాహం గురించి ఆలోచించొద్దు, ఆ మాట ఎందుకు పెట్టాడో చూడు అన్నాను. వేదికల మీద నేను చెప్పిందీ అదే. ఆ పాఠాన్ని ఆయన శ్రద్ధగా నేర్చుకున్నాడు.

ఆ ఆదివారం

పద్మ ముందురోజు సాయంత్రం నెల్లూరు వెళ్ళింది, చెల్లెలి మనవడికి పేరుపెట్టే వేడుక. మర్నాడు మధ్యాహ్నానికి వస్తానంది. నేను గూడూరులో ఒక సభలో మాట్లాడి వచ్చి పడుకున్నాను. పొద్దున లేచి, టీ పెట్టుకుని, గేటు దగ్గర పడి ఉన్న పేపరు తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను.

అక్షరాలు కనిపిస్తున్నాయి, చదవడం మాత్రం కుదరడం లేదు. చూపు మసక కాలేదు. అవి అక్షరాలని తెలుస్తూనే ఉంది, ఎవరి భాషో తెలియడం లేదు. టీ గ్లాసు జారి తొడ మీద ఒలికింది. మంట తెలిసింది. తుడుచుకోవలసిన కుడిచెయ్యి కుర్చీ పిడి మీద ఎవరో మరిచిపోయిన తువ్వాలులా పడి ఉంది. భయం వెయ్యలేదు. అదే ఆశ్చర్యం. ఎవరికో ఏదో జరుగుతోంది, కబురు చెయ్యాలి అనుకున్నాను.

ఎడమచేత్తో ఫోను నొక్కాను. ఆదివారాల అలవాటు వేలికి ఉంది కాబట్టి అది మాస్టారికే వెళ్ళింది. చెయ్యి పడిపోయింది, ఎవరినైనా పంపించండి అని చెప్పడానికి నోరు తెరిచాను. నా చెవులతో నేను విన్నది ఇది:

“చెయ్యి పడుకుంది. నీళ్ళకి తలుపు లేదు. ఐదు.”

తప్పని నాకు తెలిసింది. దిద్దడానికి ప్రయత్నించాను. మళ్ళీ ఐదు అనే వచ్చింది. అవతల ఆయన నవ్వాడు.

“ఐదక్షరాలా? బలే ఉందన్నా. చర్చికి పోతుండా. పన్నెండు లోపల చెప్తా, కాసుకో.”

ఫోను పెట్టేశాడు. మళ్ళీ నొక్కాను. ఆరాధనకు వెళ్ళేముందు ఆయన ఫోను ఆపేస్తాడు. మిగతా పేర్లు చదవలేకపోయాను. ఫోను ఒళ్ళోంచి జారి నేల మీద పడింది. వంగితే పడతాను, పడితే లేవలేను అనిపించి అలాగే కూర్చున్నాను.

ఏడు నుంచి పదకొండున్నర దాకా ఆ కుర్చీలో ఉన్నాను. చేపలమ్మే ఆమె గేటు దగ్గర ఆగి, అయ్యా కానాగంతలు తెచ్చినా అంది. నేను ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది. నా ఒళ్ళో పేపరు, ఎదురుగా బల్ల. ఇంట్లో ఆడమనిషి లేనిదే చేపలు కొనని మగవాడు పేపరు చదువుకుంటున్నాడు, అంతే ఆమెకు కనిపించింది. బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. పైకి కనిపించిందే నమ్మింది. ఆమెను ఏమనగలను? నా జీవితంలో అంత నిస్సహాయంగా ఒక మనిషి వీపు వైపు నేనెప్పుడూ చూడలేదు.

ఆ సమయంలో సూళ్లూరుపేటలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. దేవసహాయం మాస్టారు ఆ రోజు పాడవలసిన పాటల జాబితా ఉన్న కాగితం వెనక, ప్రసంగం జరుగుతున్నంతసేపూ పెన్సిలుతో నా ఆధారాన్ని విప్పుతూ కూర్చున్నాడు.

పదకొండున్నరకు ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగినప్పుడు కుర్చీలోంచి కావాలనే జారి కింద పడ్డాను. ఎడమచేత్తో నొక్కాను.

“నిద్రగన్నేరు,” అన్నాడు ఆయన, గెలిచిన గొంతుతో. “విను. పడుకుంది అంటే నిద్ర. నీళ్ళంటే నీరు, దాని ముందరి అక్షరం తలుపు, అది లేదన్నావు గాబట్టి రు. ఐదక్షరాలూ సరిపోయినాయి. గన్నే ఎట్లా వచ్చిందో తెలీలా. చెయ్యి ఒక్కటి మిగిలిపోయిందన్నా. చెయ్యికీ గన్నేకీ ఏంది సంబంధం?”

“ఐదు,” అన్నాను.

“ఐదే గదన్నా చెప్పింది.”

“ఐదు. ఐదు.”

కాగితం మడిచిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలా మెల్లగా, “అన్నా, పద్మమ్మ యాడుంది?” అన్నాడు. నేను చెప్పిన జవాబు మీకు తెలుసు.

ఆయన మా పక్కింటి మస్తానయ్యకు ఫోను చేశాడు. మస్తానయ్య గోడ దూకి వచ్చి నన్ను ఎత్తి కారులో వేశాడు. నెల్లూరు చేరేసరికి రెండు దాటింది. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే, పొద్దున ఏడింటికంట సార్ అన్నాడు మస్తానయ్య. డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. గడ్డ కరిగించే ఇంజెక్షను మొదటి కొన్ని గంటల్లోనే ఇవ్వాలి, ఆ సమయం దాటిపోయింది అని అప్పుడే పరుగెత్తుకొచ్చిన పద్మకు చెప్పాడు. కాస్త ముందుగా తెచ్చి ఉంటే అని ఒక వాక్యం మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. ఆపేసిన ఆ వాక్యమే తర్వాత మా ఇంట్లో కాపురం పెట్టింది.

రెండో ఆదివారం

నాకు మిగిలిన మాట ఒక్కటే, ఐదు. పేరేమిటంటే ఐదు. నొప్పి ఉందా అంటే ఐదు. లోపల అంతా సరిగానే ఉండేది. పద్మ కట్టుకున్నది ముందురోజు చీరే అని తెలిసేది, ఆమె వార్డు బయట కుర్చీల్లో ముక్కు చీదడం వినిపించేది. చెప్పబోతే ఐదు. నర్సులు ముచ్చటపడ్డారు. ఒక పెద్దావిడ నర్సు మాత్రం నేను ఐదు అన్నప్పుడల్లా, “సరేనయ్యా, ఐదే. ఇప్పుడు పక్కకు తిరుగు,” అనేది. ఎగతాళి లేకుండా, జాలి లేకుండా. ఆ వార్డులో నాతో మాట్లాడింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళంతా నా గురించి మాట్లాడారు.

పద్మ అన్న శీనయ్య ఒక సాయంత్రం తాయెత్తు తెచ్చి నా కుడి మణికట్టుకు కట్టాడు. స్పర్శ లేని చెయ్యి కాబట్టి కట్టడం చూశానే గాని నాకు తెలియలేదు. వేదికల మీద నేను కత్తిరించిన తాయెత్తులు ఒక బస్తా అవుతాయి. అది కట్టినవాడి కళ్ళలో నన్ను ఓడించానన్న గర్వమేమీ లేదు. చెల్లెలు ఏడుస్తోంది, ఏదో ఒకటి చెయ్యాలి. అతనికి చేతనైనది అదే.

రెండు రోజుల తర్వాత గూడూరు నుంచి నాతో వేదికలెక్కే ఇద్దరు సహచరులు వచ్చారు. నా చెయ్యి ఎలా ఉందో చూడకముందే చేతికి ఏముందో చూశారు. ఒకాయన నర్సును కత్తెర అడిగాడు. పద్మ మంచానికీ వాళ్ళకూ మధ్య నిలబడింది.

“ఆయనకు నమ్మకం లేదు. నాకూ లేదు. నాకు భయం ఉంది. ఆ తాయెత్తు ఆయనకు బాగైనంక తీస్తాలే అన్నా.”

వాళ్ళు నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. నేను ఐదు అన్నాను. ఎవరి పక్షాన అన్నానో నాకే తెలియదు. ఆ దారం అయిదో నెలలో స్నానం చేయిస్తుండగా దానంతటదే తెగి నీళ్ళలో కొట్టుకుపోయింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ముప్పై అయిదేళ్ళ నా వ్యాసాలు సాధించలేని ముగింపు అది.

దేవసహాయం మాస్టారు ఒక్కసారే వచ్చాడు, మూడో రోజున. మంచం కాళ్ళ వైపు నిలబడి జరిగిందంతా పద్మకు చెప్పాడు. పాటల కాగితం కూడా జేబులోంచి తీసి చూపించాడు. పద్మ దాన్ని అందుకోలేదు.

“నాలుగున్నర గంటలు ఆయన మాటలతో ఆడుకున్నారా అన్నయ్యా?”

ఆయన తల ఊపాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను వెనకనుంచి పిలిచాను. ఏమని పిలిచానో వేరే చెప్పక్కర్లేదు.

పదో ఆదివారం

ఇంటికి తెచ్చారు. వారానికి రెండుసార్లు నెల్లూరులో మాట నేర్పించే అమ్మాయి దగ్గరకు వెళ్ళాలి. వాకాడు నుంచి గూడూరు, గూడూరు నుంచి నెల్లూరు, బస్సు మెట్లు ఎక్కించడానికి ఇద్దరు. ఆ గది బయట బెంచీ మీద మాలాంటివాళ్ళు వరసగా ఉండేవాళ్ళం. వరి వ్యాపారి ఒకాయన అన్నిటికీ అమ్మ అనేవాడు. నేను ఐదు. ఒకరినొకరం పలకరించుకునేవాళ్ళం. ఆయన అమ్మ అంటే నేను ఐదు అనేవాణ్ణి. మా ఇద్దరి పెళ్ళాలూ మొదట ఏడ్చారు, తర్వాత ఒకరోజు ఆపుకోలేక నవ్వారు.

ఆ అమ్మాయి గిన్నె బొమ్మ చూపించి ఇదేంటండీ అనేది. నాకు గిన్నె తెలుసు. అందులో పెరుగన్నం తెలుసు. మాట లేదు. వారాలు గడిచాక చుట్టుపక్కల మాటలు రావడం మొదలైంది. దుప్పటి కావాలంటే ‘చలి, మీద, మడత’ అనేవాణ్ణి. పద్మ వాటిని పక్కపక్కన పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి దుప్పటి తెచ్చేది. పదకేళిని పనిలేనివాళ్ళ పని అని జీవితమంతా ఈసడించిన మనిషి, నేను అల్లినవన్నీ విప్పుతోంది. మాట దొరకక ఆధారాలే చెప్పాల్సి రావడం ఎంత అన్యాయమో నాకప్పుడు అర్థమైంది. ఆధారం చెప్పేవాడు జవాబు తెలిసి దాస్తాడు. నేను దాచడం లేదు.

పేపరువాడు ఆదివారం అనుబంధం వేసేవాడు. పద్మ దాన్ని నా కంటపడకుండా పొయ్యి దగ్గర పెట్టేది. ఫోను ఏడింటికి మోగడం లేదు.

ఆ రోజుల్లోనే మస్తానయ్య సూళ్లూరుపేట వెళ్ళి వచ్చి చెప్పాడు. మాస్టారు పేపరు మాన్పించేశాడట. చర్చిలో పెద్దరికం వదులుకున్నాడట. అందరి ముందు నిలబడి, దేవుని వాక్యం చెబుతుంటే నేను ఆటాడుకున్నాను, నా పాపానికి దేవుడు నా స్నేహితుణ్ణి పడగొట్టాడు అని సాక్ష్యం చెప్పాడట.

నా ఒళ్ళు మండింది. ఇదేం దేవుడయ్యా? తప్పు చేసింది సూళ్లూరుపేటలో, దెబ్బ వాకాడులోనా? దెబ్బ ఏడింటికి, తప్పు తొమ్మిదింటికా? చిన్నపిల్లవాడు కూడా కొట్టిపారేయగల వాదన. ఎడమచేత్తో మంచం పట్టె మీద గుద్దాను. పద్మ బీపీ మాత్ర తెచ్చింది.

దాన్ని కూలగొట్టే సాక్ష్యం నా దగ్గర ఇంకొకటి ఉంది. అది ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు.

దానికి ముందరి గురువారం

ఆ గురువారం ఉదయం, అంటే ఆదివారానికి మూడు రోజుల ముందు, ఇదే బల్ల దగ్గర వ్యాసం రాస్తున్నాను. పాము కరిచిన కూలీని మంత్రగాడి దగ్గర కూర్చోబెట్టి ఆసుపత్రికి ఆలస్యం చేసిన ఊరి గురించి. ‘ఆలస్యమే అసలు విషం’ అని రాశాను. పెన్ను చేతిలోంచి పడిపోయింది. వంగి తీసుకోబోతే వేళ్ళు మూసుకోలేదు. వంటింట్లోంచి పద్మ చారు పెట్టనా అని అడిగింది. (పద్మ ఇది చదివి, చారు కాదు, పులుసు అని దిద్దింది.) జవాబు చెప్పబోతే నాలిక మీద ఏమీ లేదు. రాతలో మునిగిపోయాననుకుని ఆమె ఇంకోసారి అడగలేదు. పది నిమిషాలు. తర్వాత వేళ్ళు వచ్చాయి, మాట వచ్చింది. పులుసే పెట్టు అన్నాను. వ్యాసం పూర్తిచేసి పంపించాను.

ఎవరికీ చెప్పలేదు. రాత్రి సరిగా నిద్రలేదు, ఒక కారణం. ఎండలు ముదిరాయి, రెండో కారణం. పొద్దున ఖాళీ కడుపుతో కూర్చున్నాను, మూడో కారణం. మూడూ తర్కానికి నిలిచేవే. మూఢుడు భయం వేస్తే పరుగెత్తి ఎవరో ఒకరికి చెప్పుకుంటాడు. నేను నా భయానికి మూడు కారణాల చొక్కా కుట్టి తొడిగాను. శనివారం గూడూరు సభ ఉంది. డాక్టరు వద్దంటాడని లోలోపల తెలుసు. చెప్పి ఉంటే పద్మ నన్ను ఆ రోజే నెల్లూరు లాక్కెళ్ళేది. కనీసం శనివారం నన్ను ఒంటరిగా వదిలి కదిలేది కాదు.

మొదటి నెలల్లో ఇది చెప్పలేకపోయాను. అది జబ్బు. అయిదో నెల దాటాక చిన్న చిన్న మాటలు అతికించగలిగాను. అప్పుడూ చెప్పలేదు. అది జబ్బు కాదు. పద్మ కోపమంతా సూళ్లూరుపేట వైపు తిరిగి ఉంది. ఆ కోపమే ఆమెను నిలబెట్టింది. అది ఇటు తిరిగితే? నాకు అన్నం కలిపేది ఆమె, చొక్కా గుండీలు పెట్టేది ఆమె, రాత్రి పక్కకు తిప్పేది ఆమె. ఆ చేతులకు కోపం తెప్పించే ధైర్యం నాకు లేకపోయింది. పరాధీనుడి పిరికితనం ఎలా ఉంటుందో వేదిక మీద నిలబడినవాడికి తెలియదు. నాకు ఇప్పుడు తెలుసు. మంచాన పడ్డవాళ్ళు తాయెత్తు కట్టించుకుంటే ఇకమీదట నేను నవ్వను.

ముప్పై ఒకటో ఆదివారం

మస్తానయ్య మళ్ళీ ఆ వైపు వెళ్ళి వచ్చాడు. మాస్టారు సగమైపోయాడన్నాడు. మనిషి కనబడగానే ఒక్కటే అడిగాడట, అన్న చెయ్యి కదులుతుండాదా అని. లేదని చెబితే లోపలికి వెళ్ళిపోయాడట.

ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. పద్మతో సూళ్లూరుపేట అన్నాను. ఆమె వినిపించుకోలేదు. మర్నాడు మళ్ళీ అన్నాను. వారం రోజులు అదొక్కటే అన్నాను. ఐదు పోయి సూళ్లూరుపేట పట్టుకుందని విసుక్కుని, చివరికి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కించింది. నాయుడుపేటలో మారాం. పోయే దారంతా ఆమె నాకు జాగ్రత్తలు చెప్పింది. నేను లోపల నా వాక్యాలు కూర్చుకున్నాను. కూర్చినవి ప్రతి గుంత దగ్గరా చెదిరిపోయాయి.

మాస్టారు తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. కుర్చీలు చూపించాడు. గోడ మీద ఏసుప్రభువు పటం, కింద బల్ల మీద పెన్సిలు లేదు, పేపరు లేదు.

“ఈరోజు... ఆధారం కాదు,” అన్నాను. “పైకి... ఉన్నదే.”

ఆయన తలెత్తాడు.

“గురువారం. మూడు రోజుల ముందు. చెయ్యి పడింది. మాట... పోయింది. వచ్చింది. చెప్పలేదు. పద్మకి. ఎవరికీ.”

ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మధ్యలో రైలు ఒకటి వచ్చింది, అది పోయేదాకా నేను ఆగాల్సి వచ్చింది. పద్మ వైపు చూడలేదు. మాస్టారు లెక్కల మనిషి. ఆదివారంలోంచి మూడు తీసేసి గురువారం దగ్గర ఆగడం ఆయన మొహంలో కనిపించింది.

“ఎందుకు చెప్పలా?” అన్నాడు, పాత అలవాటుగా.

మూడు కారణాలూ గుర్తున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఒకే మాట.

“భయం.” తర్వాత వేలితో గోడ మీది పటాన్ని చూపించి, “ఆయన కాదు. మీరు కాదు. నేను,” అన్నాను.

నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ఉపన్యాసం. గెలిచాననుకున్నాను కూడా. మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

“నీ గురువారం నీదే అన్నా. నా ఆదివారం నాదే. నీది చెప్పినంత మాత్రాన నాది కొట్టుకుపోదు.” లేవబోతూ ఆగాడు. “దేవుడు కొట్టినాడని మాత్రం ఇంక అనన్లే.”

లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చాడు. నా గ్లాసును ఎడమచేతి వైపు పెట్టాడు. పద్మ నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, అన్నయ్యా, ఆ రోజు నేనన్న మాట అని మొదలుపెట్టి ముగించలేకపోయింది. ఉండనీమ్మా అన్నాడాయన. నాతో ఆమె ఏమీ అనలేదు.

తిరుగు బస్సులో ఆమె ముందు సీటులో కూర్చుంది, నేను వెనక. దిగేటప్పుడు జబ్బ పట్టుకుంది. ఆ వారమంతా మాత్రలు ఇచ్చింది, స్నానం చేయించింది, గుండీలు పెట్టింది, అన్నం కలిపింది. మాట్లాడలేదు. ఒక్క పని తప్పలేదు, ఒక్క మాట రాలేదు. ఇంట్లో మాట పోయినవాళ్ళం ఇద్దరమయ్యాం. నేను ‘చలి, మీద’ అంటే దుప్పటి వచ్చేది, మంచం మీద పడేది. నాకు జరగవలసిన శిక్షే అనుకునేవాణ్ణి. అనుకుని ఉలిక్కిపడేవాణ్ణి, శిక్ష అనే మాట నా నోట.

ఆ తర్వాతి ఆదివారం

ఏడింటికి ఫోను మోగింది. వరండాలో, అదే కుర్చీలో ఉన్నాను.

“దీవి తిరగబడితే రాసుకోవచ్చు. రెండక్షరాలు,” అన్నాడు మాస్టారు. పేపరు మళ్ళీ వేయించుకుంటున్నాడని అలా తెలిసింది.

ఇప్పుడు రాయడం సులువే. దీవి అంటే లంక. అక్షరాలు తిరగేస్తే కలం. ఒకప్పుడు ఆవలింత కూడా పూర్తికాకముందే చెప్పేవాణ్ణి. ఆ ఉదయం ఆ మాట లోపల ఎక్కడో కదులుతోంది, దాని నీడ తెలుస్తోంది, పట్టు దొరకడం లేదు. నెల్లూరులో ఆ అమ్మాయి అయితే ఈపాటికి మొదటి అక్షరం అందించేది. ఫోనులో మాస్టారు ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన అందించలేదు. పెట్టెయ్యలేదు.

పద్మ లోపలినుంచి వచ్చింది. ఫోను స్పీకరులో ఉంది, ఆధారం ఆమెకూ వినిపించింది. ఏడు రోజులుగా నా మొహం చూడని మనిషి, ఇప్పుడూ చూడకుండానే, నా ఎదుట బల్ల మీద నా పాత కలం పెట్టింది.

“కలం,” అన్నాను.

“ఎందుకు?”

వెతికాను. దొరికిన నిజం ఒక్కటే. “పద్మ... పెట్టింది. బల్ల మీద.”

అవతల నవ్వు వినిపించింది. ముప్పై ఒక్క వారాల తర్వాత. నవ్వయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

ఈ రోజుల్లో నేను సగం మాట అన్నా అందరూ చాలు చాలు, అర్థమైంది అంటారు. బాగా మాట్లాడుతుండారు అని మెచ్చుకుంటారు. పసివాడికి చెప్పినట్టు చెబుతారు. మంచివాళ్ళే, వాళ్ళనేమీ అనను.

“చెల్లదన్నా,” అన్నాడు దేవసహాయం మాస్టారు. “దీవి ఏమైంది? తిరగబడటం ఏమైంది? రెండు మాటలు మిగిలిపోయినాయి. నువ్వు చెప్పు. నాకేం తొందర్లే. చర్చికి ఇంకా టైముంది.”

పద్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నేను దీవి దగ్గర మొదలుపెట్టాను.